మా అవ్వకు నలుగురు పనిమనుషులు

మా ముత్తాత తండ్రి చెన్నపట్నంలో దుబాసీ. తెల్ల వర్తకులకూ మన వర్తకులకూ నడుమ నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసిన మనిషి. ఆయన సరేననందే రేవులో మూట కదిలేది కాదని మా ఇంట్లో చెప్పుకునేవారు. ముత్తాత రెండు గుళ్ళకు ధర్మకర్త. ఆయన వీధిలో నడిచివస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారట. తాతకు రెండు గుర్రాల బండి ఉండేది. ఒక గుర్రం నల్లది, ఒకటి తెల్లది. మా అవ్వకు నలుగురు పనిమనుషులు. నీళ్ళు పోయడానికి ఒకరు, తల దువ్వడానికి ఒకరు, పథ్యం వండడానికి ఒకరు, విసనకర్ర పట్టుకోవడానికి ఒకరు. మా నాన్న దాయాదుల మీద ముప్ఫై ఏళ్ళు వ్యాజ్యం నడిపి గెలిచారు. గెలిచేనాటికి చేతికి రావలసింది ఏమీ మిగల్లేదు. ఎవరి పేర్లూ రాయను. రాస్తే ఆ దాయాదుల మనుమలు మళ్ళీ కోర్టుకు వెళ్ళగలరు. ఆ ఓపిక మా రక్తంలో ఉంది.

నాకు దక్కినవి రెండు. వంగని వెన్ను ఒకటి, తాతగారి కుర్చీ ఒకటి. టేకు కుర్చీ. వీపు నా తల కంటే జానెడు ఎత్తు. చేతుల చివర రెండు సింహం ముఖాలు, అందులో ఒకదానికి ముక్కు లేదు.

జీతానికి పనిచేసినవాళ్ళలో మా వంశంలో నేనే మొదటివాణ్ణి. మొదట అంబత్తూరులో యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీలో జర్మన్ కాగితాలు అనువదించేవాణ్ణి. తర్వాత మైలాపూరులో ఇత్తడి సామాను కొట్టు మీద, రెండో అంతస్తులో ఉన్న ఒక భాషా శిక్షణాలయంలో జర్మన్ పంతులుగా చేరి ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసి, ఈమధ్యే విరమించాను. కొత్తగా ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లల కోసం ఒక సంగతి రాస్తున్నాను. ఇది నేను బాగా చేసిన పని గురించి కాదు.

నా అద్దె ఇంట్లో ఆ కుర్చీ వేస్తే మంచం పట్టదు. అందుకని దాన్ని తరగతికి తెచ్చుకున్నాను. బల్లచెక్కలతో చేసిన వేదిక మీద వేసి, దానిలో కూర్చుని పాఠం చెప్పేవాణ్ణి. విద్యార్థులు నా వెనక దాన్ని సింహాసనం అనేవారని తెలుసు. నాకు అభ్యంతరం లేకపోయింది.

నాకు అప్పగించినవి పై తరగతులు. ఆ మెట్టుకు వచ్చినవాడికి వ్యాకరణం ఉంటుంది, కావలసింది నోరు. మాట్లాడే పరీక్షలో ఇద్దరు అభ్యర్థులను ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒక విషయం ఇస్తారు. అన్నీ రోజూ పేపర్లో చూసేవే. ప్లాస్టిక్ సంచులు ఆపేయాలా, బళ్ళో పిల్లల చేతికి ఫోను ఇవ్వవచ్చా, ఇంటి నుంచి ఉద్యోగం మంచిదా, నగరంలో సొంత కార్లు తగ్గించాలా, ముసలివాళ్ళను ఇంట్లో చూసుకోవాలా ఆశ్రమంలో చేర్చాలా. ఇద్దరూ వాదించుకోవాలి. ఒకరి మాటను ఇంకొకరు అందుకుని, కొంత ఒప్పుకుని, కొంత కాదని, చివరికి ఎక్కడో ఒకచోట తేలాలి. పరీక్షకులు వింటూ మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు వేస్తారు.

దీనికి నేనొక పద్ధతి కనిపెట్టాను. ఒక్కో విషయానికి ఒక్కో పేజీ చొప్పున, నాకు చేతనైనంత మంచి జర్మన్‌లో, ఒక అభిప్రాయం రాసిపెట్టాను. అందరూ దాన్ని ‘అభిప్రాయాల నోటు’ అనేవారు. విద్యార్థులు దాన్ని కంఠస్థం చేసేవారు. సొంత జీవితం నుంచి ఒక ఉదాహరణ చెబితే పరీక్షలో మెచ్చుకుంటారు కాబట్టి ప్రతి పేజీలోనూ ఒక ఉదాహరణ పెట్టాను. సొంత జీవితం అన్నచోట నా జీవితమే రాశాను. ఇంకెవరి జీవితం రాస్తాను?

నా దగ్గరికి ఒక నర్సు వచ్చేది. ముప్ఫై దాటిన మనిషి. రాయపురంలో పుట్టి పెరిగిన తెలుగు క్రైస్తవుల అమ్మాయి. వాళ్ళ తాత నెల్లూరు వైపు నుంచి వచ్చి ఓడరేవులో మూటలు మోశాడట. తల్లి కాశిమేడు రేవులో చేపలు కొని వీధుల్లో అమ్ముతుంది. ఈ అమ్మాయి డ్యూటీ దిగి, యూనిఫారం సంచిలో కుక్కుకుని, రైలెక్కి తరగతికి వచ్చేది. జర్మనీలో ఒక ఆసుపత్రి, ముసలివాళ్ళ వార్డులో రోగులనూ వాళ్ళ బంధువులనూ సముదాయించే ఉద్యోగానికి ఆమెను ఎంచుకుంది. రాయడం, చదవడం, వినడం పరీక్షలు మంచి మార్కులతో దాటింది. మాట్లాడే పరీక్ష మాత్రం రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పితే ఆ చోటు ఇంకొకరికి ఇస్తామని ఆసుపత్రివాళ్ళు మర్యాదగా రాశారు.

రెండోసారి తప్పినరోజు ఆమె నా ఎదుట నిలబడింది.

“ఏం విషయం వచ్చిందమ్మా?”

“ముసలోళ్ళు సార్. ఇంట్లోనా ఆశ్రమంలోనా అని.”

“అది నీ వృత్తే గదా! ఎట్లా తప్పావు?”

“మీరు రాసిచ్చింది ఒక్క మాట పోకుండా చెప్పినా సార్. ఆ దొరసాని అడిగింది మటుకు నోటులో లేదే.”

“ఏమడిగింది?”

ఆమె సంచి తాడు వేలికి చుట్టుకుంది.

ఏమడిగిందో ఆ దొరసానే చెప్పింది. పరీక్షకురాలు జర్మన్ స్త్రీ. ఏటా కొన్నిసార్లు చెన్నైకి వచ్చేది. నాకంటే చిన్నది, నాలాగే నిటారుగా కూర్చునేది. ఆ కారణంగానే మా ఇద్దరికీ పడేది. ఒక సాయంత్రం నన్ను కాఫీకి పిలిచింది. గ్లాసులోంచి డబరా గిన్నెలోకి తిరగబోసి కాఫీ చల్లార్చడం ఆమెకు బాగా వచ్చేసింది.

“పేర్లు చెప్పను, మార్కులు చెప్పను. అవి చెప్పకూడదు. ఒక్క సందేహం మాత్రం తీర్చండి. మీ ఊళ్ళో అందరి తాతలకూ గుర్రపు బళ్ళు ఉండేవా?”

నాకు అర్థం కాలేదు.

“నగరంలో కార్ల గురించి ఈసారి ముగ్గురితో మాట్లాడించాను. ముగ్గురి తాతలకూ రెండేసి గుర్రాల బండి ఉంది. ఒక నల్ల గుర్రం, ఒక తెల్ల గుర్రం. అందులో ఒక అబ్బాయి ధర్మపురి దగ్గర పల్లెటూరివాడు. వాళ్ళ తాత ఏం చేసేవారని అడిగితే మేకలు కాసేవారన్నాడు.”

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

“ఇంకొక ఆమె, తన అవ్వకు నలుగురు పనిమనుషులు ఉండేవారనీ, కాబట్టి ఆశ్రమాలు తమ ఆచారానికి విరుద్ధమనీ చెప్పింది. బాగా చెప్పింది. నేను ఊరికే అడిగాను. ఆ నలుగురూ ముసలివాళ్ళయ్యాక వాళ్ళను ఎవరు చూసుకున్నారు అని. ఆమె నోరు తెరిచి మూసింది. తర్వాత ఎదుటి అభ్యర్థి ఏమన్నా ‘గెనావ్, గెనావ్’ అంటూ కూర్చుంది.”

గెనావ్ అంటే ‘సరిగ్గా అంతే’ అని. మన పిల్లలకు జర్మన్‌లో అన్నిటికంటే ముందు వచ్చే మాట, అన్నిటికంటే చివరిదాకా నిలిచే మాట అదే.

మూడు రోజులు నాకు కోపం తగ్గలేదు. దుబాసీ వంశంలో పుట్టినవాడికి ఒక విదేశీ స్త్రీ భాష నేర్పే విద్య చెప్పడమా! నాలుగో రోజు కోపం ఉండగానే దాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది. ఆ నలుగురూ నిజంగా ఏమయ్యారు? అరవై ఏళ్ళుగా వాళ్ళను గొప్పగా చెప్పుకుంటున్నాను. ఒక్కరి పేరైనా నాకు తెలియదు.

ఇంకొకటి కూడా తెలుసుకోవాలనిపించింది. మా శిక్షణాలయంలో కింది తరగతులు చెప్పే ఒక యువతి ఉండేది. తమిళమ్మాయి, జర్మనీలో చదివి వచ్చింది. బల్ల అంచున కూర్చుని కాళ్ళు ఊపుతూ పాఠం చెప్పేది. అందుకు ఆమెతో నేను ఎక్కువగా మాట్లాడేవాణ్ణి కాను. ఆమె విద్యార్థుల సంభాషణలను ఫోనులో రికార్డు చేసి ఉంచుతుందని తెలిసి, వినిపించమని అడిగాను. ఇద్దరం ఖాళీ తరగతిలో కూర్చుని విన్నాం. ఒకరి తర్వాత ఒకరు, నా వాక్యాలు, నా విరామాలు. ఒకడైతే ‘కానీ’ అనే ముందు చిన్నగా దగ్గాడు.

“వీడికి జలుబా?” అన్నాను.

“కాదు సార్, అది మీ దగ్గు,” అంది ఆమె తమిళంలో. “మీరు ‘కానీ’ అనే ముందు దగ్గుతారు. అందరూ అదే నేర్చుకున్నారు. కోప్పడకండి సార్, మీకు చెప్పడానికి ఎవరికీ ధైర్యం లేదు.”

“నువ్వు చెప్పావుగా.”

“నేను తలుపు దగ్గర కూర్చున్నాను సార్.”

మరునాడు తరగతిలో అభిప్రాయాల నోటును మూసి పక్కన పెట్టాను. “ఇవాళ్టి నుంచి మీరందరూ నన్ను కాదనాలి,” అని జర్మన్‌లో ఆజ్ఞాపించాను. పది మందీ ఒకే గొంతుతో “సరే సార్” అన్నారు. ఇంటి నుంచి ఉద్యోగం చేయడం సోమరితనం అన్నాను. వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఒక ఇంజనీరు లేచి, సార్ చెప్పింది నిజమే కానీ, అని మొదలుపెట్టి, ఆ ‘కానీ’ తర్వాత ఏమీ దొరక్క, సార్ చెప్పింది నిజమే, అని ముగించి కూర్చున్నాడు.

పాఠం అయ్యాక ఆ నర్సును ఆపాను. ఆమె పరీక్షకు ఇంకా మూడు వారాలే ఉన్నాయి.

“నువ్వు రోజూ వార్డులో ముసలివాళ్ళను చూస్తావు. నీకంటూ ఒక మాట ఉండదా? అదే చెప్పవచ్చు గదా.”

“నా మాట జర్మన్‌లో ఎట్టుంటాదో నాకు తెలీదు సార్. మీ మాటే తెలుసు.”

“నన్ను కాదనమంటే కాదనలేవా?”

“పెద్దోళ్ళు, మీరు చెప్పినాక కాదనేది ఎట్టా సార్? అట్టా కాదనేదానికి మా అమ్మని పిలవాల. ఆమె అయితే కలెక్టరునైనా కాదంటాది.” అని నవ్వింది. “తెల్లారి రేవుకాడికి రండి సార్, చూద్దురు.”

హాస్యానికే అంది. నేను మాత్రం ఆ ఆదివారం తెల్లవారుతుండగా ఆటో ఎక్కి కాశిమేడు వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా, తోలు చెప్పులు. నా జన్మలో ఆ వైపు వెళ్ళింది అదే మొదలు. మా ముత్తాత తండ్రి కదిపించిన మూటలు మోసినవాళ్ళు ఆ చుట్టుపక్కలే కాపురం ఉండి ఉంటారన్న సంగతి దారిలో తట్టింది.

రేవు నిండా నీళ్ళు, ఐసు ముక్కలు, అరుపులు. వేలం పాడేవాడు గంపల మధ్య నిలబడి తమిళంలో పాడుతున్నాడు. ఆడవాళ్ళు బోర్లించిన ప్లాస్టిక్ డబ్బాల మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని బేరమాడుతున్నారు. నర్సు నన్ను చూసి కంగారుపడి తల్లి దగ్గరికి తీసుకువెళ్ళింది. తల్లి పొట్టి మనిషి, నడుముకు కొంగు బిగించి ఉంది. అప్పుడే వేలంవాడితో సగం తమిళం, సగం తెలుగులో యుద్ధం జరుగుతోంది.

“పొద్దున పట్టిన వంజరం అక్కా, కళ్ళు చూడు!” అన్నాడు వాడు.

“పొద్దున పట్టిందే అన్నా, నేను కాదంటినా? ఏ పొద్దునో అది మటుకు చెప్పు.”

చుట్టూ నవ్వులు. వాడు వెనక్కి తగ్గలేదు. “ఐసులోనే ఉందక్కా, తాకి చూడు.”

“ఐసులో ఉందిలే. మా మామ గూడా ఐసులోనే ఉండె, రెండు దినాలు. లేచినాడా?”

ఆమె చేపను అరచేత్తో ఒక్కసారి తిరగేసింది. అడుగు వైపు మెత్తబడి ఉంది. వాడు ఆ గంపను పక్కకు నెట్టి ఇంకొకటి తెచ్చాడు. ఇద్దరిలో ఎవరికీ కోపం రాలేదు. అయ్యాక వాడే ఆమెకు టీ చెప్పాడు.

నేను నిలబడి చూస్తూ ఉండిపోయాను. ఇరవై ఏళ్ళుగా పుస్తకాల్లో చదివి బోధించిన సూత్రం అది. ఎదుటివాడి మాటను ముందు ఒప్పుకో, అదే మాటను పట్టుకుని తిరగెయ్యి. నేను దాన్ని నల్లబల్ల మీద రాయించాను. ఈమె చేపతో చేసి చూపించింది.

“మా పిల్ల సారా మీరు?” ఆమె ఒక డబ్బాను బోర్లించి నా ముందుకు తోసింది. “కూసోండయ్యా.”

“పరవాలేదమ్మా.”

“పరవాలేదులే. మీరు నిలబడుకోనుంటే మేము తల ఎత్తుకోనే మాట్లాడాల. మెడ నొప్పి మాకు. కూసుంటే నడుము ఇరుగుతాదా?”

“అమ్మా!” అంది కూతురు.

కూర్చున్నాను. డబ్బా తడిగా ఉంది. అక్కడి నుంచి చూస్తే ఆమె కళ్ళూ నా కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

“మా పిల్ల తప్పిందంట గదా. మీరు సరిగా చెప్పలేదా, దానికి సరిగా రాలేదా?”

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడిగి ఉండలేదు. “నేనే సరిగా చెప్పలేదు,” అన్నాను. తెలుగులో ఆ వాక్యం పలకడం నాకు జర్మన్ కంటే కష్టమైంది.

“అట్లయితే ఈసారి సరిగా చెప్పండి,” అని ఆమె ఇంకొక గంప వైపు తిరిగింది.

సోమవారం నేను వెళ్ళేసరికే తరగతి నిండి ఉంది. తాతగారి కుర్చీని నేనే పట్టుకుని, ఈడ్చుకుంటూ, నడవలో మంచినీళ్ళ డబ్బా పక్కన పెట్టి వచ్చాను. ఎవరూ సాయం రాలేదు. సాయం పట్టవచ్చో లేదో వాళ్ళకు తెలియలేదు. విద్యార్థులు కూర్చునే మడత కుర్చీ ఒకటి తీసుకుని వాళ్ళ మధ్య వేసుకున్నాను. నర్సును ఎదురుగా కూర్చోమన్నాను. విషయం ముసలివాళ్ళదే. నేనొక అభ్యర్థిని, ఆమె ఒక అభ్యర్థి. తలుపు దగ్గర మా తమిళ సహోద్యోగి చేతులు కట్టుకుని నిలబడింది.

నా వాదం నేను చెప్పాను. నోటులో ఉన్నదే, మనస్ఫూర్తిగా నమ్మిందే. ముసలివాళ్ళను ఇంట్లోనే చూసుకోవడం మన ఆచారం. మా అవ్వను చివరిదాకా ఇంట్లోనే చూసుకున్నాం, నలుగురు పనిమనుషులు ఉండేవారు.

ఆమె అరచేతిని ఒళ్ళో ఒకసారి వెల్లకిలా తిప్పింది. జర్మన్‌లో మెల్లగా మొదలుపెట్టింది.

“మీరన్నది నిజమే. ఇంట్లో చూసుకోవడం మంచి ఆచారమే. మీ అవ్వగారిని చాలా బాగా చూసుకున్నారు. కానీ చూసుకున్నది ఎవరు? మీ ఇంటివాళ్ళా? కాదు, నలుగురు బయటివాళ్ళు. నీళ్ళు పోయడానికి ఒకరు, దువ్వడానికి ఒకరు, పథ్యానికి ఒకరు. మా వార్డులో కూడా అంతే, పనులు పంచుకుంటాం. అంటే మీ ఇంట్లో కూడా ఆశ్రమమే నడిచింది. గుమ్మానికి బోర్డు లేదంతే.”



నా చెవులు వేడెక్కాయి. ఆ క్షణాన నేను చేసిన పనిని ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలందరూ గుర్తుపెట్టుకోవాలి. ఆమె చివరి వాక్యంలో ఒక చిన్న తప్పు ఉంది. ఎవరికీ పట్టని తప్పు, పరీక్షలో సైతం లెక్కలోకి రాని తప్పు. నేను చెయ్యెత్తి ఆమెను ఆపి ఆ తప్పు దిద్దాను. దిద్ది, మొదటినుంచి మళ్ళీ చెప్పమన్నాను. పంతులుకు జవాబు దొరకనప్పుడు ఎర్రసిరా దొరుకుతుంది.

ఆమె ముఖం మూసుకుపోవడం కళ్ళారా చూశాను. పరీక్ష గదిలో ఆ జర్మన్ స్త్రీ చూసింది ఈ ముఖమే అయ్యుంటుంది. పెదవుల మీద ‘గెనావ్’ కదులుతోంది. మూడు వారాలు, ఒక ఉద్యోగం, రేవులో ఆ తల్లి అడిగిన ప్రశ్న, అన్నీ ఆ పెదవుల మీద ఆగి ఉన్నాయి.

అప్పుడు ఆమె తెలుగులో అంది, “సార్, తప్పు తర్వాత పట్టండి. నేను ఇంకా ముగించలేదు.”

నేను చెయ్యి దించాను.

ఆమె మళ్ళీ జర్మన్‌లోకి వెళ్ళింది. ఈసారి మెల్లగా కాదు. “మా నాయనమ్మ అలాంటి ఒక పెద్ద ఇంట్లో ఇరవై ఏళ్ళు నీళ్ళు మోసింది. ఆ ఇంటి ముసలమ్మ మంచంలో ఉన్నంతకాలం పక్కనే నేల మీద పడుకుంది. తర్వాత ఆమె ముసలిదైంది. స్నానాల గదిలో పడిపోయిన రోజు ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ రేవులో ఉంది, నేను బళ్ళో ఉన్నాను. అందుకే నేను నర్సునయ్యానని చెబితే పరీక్షలో బాగుంటుంది. కానీ అది నిజం కాదు. నాకు సీటు దొరికింది కాబట్టి నర్సునయ్యాను. ఇప్పుడు వార్డులో ఒక ముసలమ్మను పక్కకు తిప్పి పడుకోబెట్టేటప్పుడు ఇది ఆచారమా, జీతమా అని నేను ఆలోచించను. వీపు పుండు పడకూడదు, అంతే. ఇంట్లో చేసేవాళ్ళు ఉంటే ఇంట్లో, లేకపోతే నా దగ్గర. ఆచారం అన్న మాట చెప్పేవాళ్ళు మాత్రం ఒకసారి తిప్పి పడుకోబెట్టి చూడాలి.”

ఆ మాటల్లో తప్పులు ఉన్నాయేమో నాకు తెలియదు. నేను వినలేదు. మొత్తం ఉద్యోగ జీవితంలో ఒక విద్యార్థి జర్మన్‌ను తప్పుల కోసం కాక సంగతి కోసం విన్నది ఆ రోజే.

నా వంతు వచ్చింది. వాదానికి బదులు నోటి నుంచి ఒక ప్రశ్న వచ్చింది. “ఆ ఇల్లు ఎక్కడ?”

ఆమె నావైపు చూసి అర్థం చేసుకుంది. ఈసారి మళ్ళీ తెలుగే. “మీ ఇల్లు కాదులెండి సార్, భయపడబాకండి. అది పురసవాక్కం.”

తెలుగు వచ్చినవాళ్ళు ముందు నవ్వారు, వాళ్ళు చెప్పాక మిగతావాళ్ళు నవ్వారు. తలుపు దగ్గర సహోద్యోగి ముఖం తిప్పుకుంది. నేనూ నవ్వాననే అంటారు. తర్వాత జర్మన్‌లో ఇంకొక ప్రశ్న అడిగాను. “పడిపోయాక ఏమైంది?” జవాబు నాకు ముందుగా తెలియని ప్రశ్నను తరగతిలో అడగడం నాకు కొత్త. ఆమె చెప్పింది. మిగతావాళ్ళు కూడా అడగడం మొదలుపెట్టారు. ధర్మపురి అబ్బాయి మేకల గురించి చెప్పాడు. గుర్రాల కంటే చాలా బాగుంది. గంట ఎప్పుడు దాటిందో ఎవరూ చూసుకోలేదు.

ఆ మూడు వారాలూ రోజుకొక విషయం తీసుకుని ఆమె నన్ను ఓడించింది. కొన్నిసార్లు నేనూ గెలిచాను, అది కూడా రాయాలి.

పరీక్షరోజు కేంద్రం ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. ఆమె బయటికి వచ్చేసరికి రెండు టీలు చల్లారిపోయి ఉన్నాయి.

“ఏం వచ్చింది?”

“నగరంలో పాత బంగళాలు కాపాడాలా, పడగొట్టి జనానికి ఇళ్ళు కట్టాలా అని సార్.”

“నువ్వేమన్నావు?”

“మీకు చెప్తే కోపమొస్తాది.” అని టీ అందుకుంది. “ఎదురుగా ఉన్నాయన పెద్దాయన, ఇంజనీరు. కాపాడాల్సిందే అన్నాడు. నేను ఒప్పుకున్నా. ఒప్పుకొని...” అంటూ అరచేయి తిరగేసింది.

“ఆ దొరసాని ఏమైనా అడిగిందా?”

“అడిగింది సార్. దాన్నీ కొంచెం కాదన్నా.”

ఆమె గట్టెక్కింది. మార్కులు గొప్పవేం కావు, చాలినన్ని. పరీక్షకురాలి నుంచి నాకు ఒక్క వాక్యం ఉత్తరం వచ్చింది. ‘ఈసారి గుర్రాలు రాలేదు.’ నర్సు వెళ్ళిపోయింది. అప్పుడప్పుడు ఫోనులో గొంతు రికార్డు చేసి పంపుతుంది. అక్కడి రోగుల బంధువుల్లో అచ్చం నాలాగా మాట్లాడే పెద్దమనుషులు ఉన్నారట, వాళ్ళతో తనకేమీ కష్టం లేదట.

అభిప్రాయాల నోటును నేను చించలేదు. మా సహోద్యోగి అడిగితే ఇచ్చాను. ఇలా చేయకూడదని చూపించడానికి పనికొస్తుందట. ఆ మాట నా ఎదుటే అంది, తలుపుకు చాలా దూరంలో కూర్చుని.

ఆ నలుగురి గురించి మా పెద్దనాన్న కూతురిని అడిగాను. ఆమెకు తొంభై దగ్గరపడింది. ఒక్కరే గుర్తున్నారంది. విసనకర్ర పట్టుకునే ఆమె, నవ్వితే చిగుళ్ళు కనిపించేవి. పేరు అడిగితే చాలాసేపు ఆలోచించి, “విసనకర్ర అనే పిలిచేవాళ్ళం,” అంది. తర్వాత ఎక్కడికి పోయిందో తెలియదు. ఇంకా అడుగుతూనే ఉన్నాను.

నేను పని విరమించిన నెలలో తాతగారి కుర్చీని, వడపళనిలో షూటింగులకు సామాను అద్దెకిచ్చే ఒకాయనకు అమ్మేశాను. ముక్కు లేని సింహానికి ముక్కు తానే పెట్టించుకుంటానన్నాడు.